రక్తం ఆగే చోటు

ఉహద్ యుద్ధం జరిగిన రోజున దైవప్రవక్త ముహమ్మద్ (స) ముఖానికి గాయమైంది. ముందరి పన్ను విరిగింది. శిరస్త్రాణం తలపైనే నలిగిపోయింది. హజ్రత్ ఫాతిమా (రజి) తన తండ్రి ముఖంపైని రక్తాన్ని కడుగుతూ ఉండగా హజ్రత్ అలీ (రజి) డాలుతో నీళ్లు తెచ్చి పోశారు. నీళ్లు పోసేకొద్దీ రక్తం ఆగకపోగా ఇంకా ఎక్కువ కావడం ఆమె గమనించారు. అప్పుడు ఒక చాప ముక్కను తీసుకొని కాల్చి, ఆ బూడిదను గాయానికి అద్దారు. రక్తం ఆగిపోయింది. హజ్రత్ సహ్ల్ బిన్ సాద్ (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ నమోదై ఉంది.

ఈ హదీసును బోధించేటప్పుడు పాఠం సాధారణంగా ప్రవక్త సహనం వైపు, కుమార్తె సేవాభావం వైపు సాగుతుంది. అది సముచితమే. అయితే ఇందులో మరొక ప్రశ్న కూడా ఉంది. నీళ్లు పోస్తే రక్తం ఎందుకు ఎక్కువైంది? బూడిద అద్దగానే ఎందుకు నిలిచింది? ఇబ్ను ఖయ్యిమ్ (రహ్మ) ప్రవక్త వైద్యం గురించి రాసినప్పుడు ఈ బూడిదకు ఆరబెట్టే గుణం ఉందని వివరించారు. ఆయన కాలపు వైద్యశాస్త్రం అందించిన సమాధానం అది. నేటి శాస్త్రం గాయం లోపలికి మరికొంత దూరం వెళ్లి చూడగలిగింది. ఆ చూసిన విషయం మన ఇళ్లలో, ముఖ్యంగా మగపిల్లల ఖత్నా జరిగే ఇళ్లలో, పెళ్లీడుకొచ్చిన ఆడపిల్లలున్న ఇళ్లలో తెలిసి ఉండటం అవసరమని భావించి ఈ వ్యాసం రాస్తున్నాను.

రక్తానికి సృష్టికర్త రెండు విరుద్ధమైన బాధ్యతలు అప్పగించాడు. నాళంలో ఉన్నంతసేపు అది ఎక్కడా ఆగకుండా పారాలి. గుండెలోనో మెదడులోనో ఒక్క చోట గడ్డకట్టినా ప్రాణాపాయమే. అదే రక్తం, నాళం తెగిన మరుక్షణం, తెగిన ఆ చోట మాత్రమే, ఆగాలి. పక్కన వేలెడు దూరంలో కూడా ఆగకూడదు. తాను ఉన్నది ఆరోగ్యవంతమైన నాళంలోనా, తెగిన చోటనా అన్నది రక్తానికి ఎలా తెలుస్తుంది?

ఈ పని చేసేవి ప్లేట్‌లెట్లు. డెంగీ జ్వరాల పుణ్యమా అని ఈ మాట ఇప్పుడు మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎముకల మూలుగలో ఉండే పెద్ద పెద్ద కణాల నుండి చిన్న తునకలుగా విడిపోయి ఇవి రక్తంలోకి వస్తాయి. వీటికి కేంద్రకం ఉండదు. వెడల్పు మిల్లీమీటరులో వేయి భాగాలు చేస్తే అందులో రెండు మూడు భాగాలు మాత్రమే. ఆరోగ్యవంతుని రక్తంలో ఒక్క మైక్రోలీటరుకు, అంటే సూదిమొనపై నిలిచేంత రక్తానికి, లక్షన్నర నుండి నాలుగున్నర లక్షల వరకు ఉంటాయి. ఒక్కొక్కటి ఏడు నుండి పది రోజులు బతుకుతుంది. ఆ వారం పది రోజులూ రక్తనాళాల గోడల పక్కనే ప్రయాణిస్తుంది గానీ దేనికీ అంటుకోదు. అంటుకోకుండా ఉండటానికి కారణం ఉంది. నాళం లోపలి గోడకు ఒకే వరుస కణాలతో పరిచిన పలుచని పొర ఉంటుంది. ప్లేట్‌లెట్లను దూరంగా ఉంచే రసాయనాలను ఆ పొర నిరంతరం విడుదల చేస్తూ ఉంటుంది.

ఆ పొర వెనుక, పరదా చాటున ఉన్నట్లుగా, కొల్లాజెన్ అనే ప్రోటీన్ ఉంటుంది. చర్మానికి, ఎముకకు, స్నాయువుకు, నాళాల గోడకు బలాన్నిచ్చేది ఇదే. మన దేహంలోని మొత్తం ప్రోటీన్లలో దాదాపు మూడో వంతు కొల్లాజెనే. నాళం క్షేమంగా ఉన్నంతకాలం రక్తానికి ఈ కొల్లాజెన్ ఎదురుపడదు. నాళం తెగినప్పుడు పరదా చినిగిపోయి కొల్లాజెన్ బయటపడుతుంది. ప్లేట్‌లెట్ గుర్తుపట్టే ప్రధానమైన ఆనవాలు అదే. అంటే గాయమైన చోటును చూపే గుర్తు బయటినుండి వచ్చేది కాదు. అది ముందునుండీ గోడలోనే దాగి ఉంటుంది.

కొల్లాజెన్‌ను మన గృహిణులు ఎరగనిది కాదు. రాత్రి వండిన పాయా తెల్లవారేసరికి గిన్నెలో గడ్డకట్టి వణుకుతూ ఉంటుంది గదా! కాళ్లలోని కొల్లాజెన్ గంటల తరబడి ఉడికి జెలటిన్‌గా మారడం వల్లనే అలా జరుగుతుంది. మందు గొట్టాల తొడుగులలో, జెల్లీ మిఠాయిలలో ఉండే జెలటిన్ హలాలా హరామా అని మనం విచారించేది కూడా ఈ పదార్థం గురించే. కొల్లాజెన్‌కూ జెలటిన్‌కూ గల తేడా చాలా ముఖ్యమైనది.

కొల్లాజెన్ మూడు పేటల తాడు. దాని నిర్మాణాన్ని ఇలా మూడు పేటలుగా తొలిసారి చూపినవారు మన పొరుగునే, మద్రాసు విశ్వవిద్యాలయంలో, పనిచేసిన జి.ఎన్. రామచంద్రన్, ఆయన సహచరుడు గోపీనాథ్ కర్తా. కంగారూ తోకలోని స్నాయువు నుండి వచ్చిన కొల్లాజెన్‌ను ఎక్స్‌రేలతో పరిశీలించి, 1954లో 'నేచర్' పత్రికలో తమ నమూనాను ప్రకటించారు. మరుసటి ఏడాది దానిని మెరుగుపరచి, మూడు పేటలూ ఒకదానికొకటి పురిపెట్టుకొని ఉంటాయని చూపారు. ఒక్కొక్క పేట అమైనో ఆమ్లాల గొలుసు. అందులో ప్రతి మూడో గింజ గ్లైసిన్ అయి తీరాలి. పురి మధ్యలో మిగిలే ఇరుకైన జాగాలో ఇమడగల అతి చిన్న అమైనో ఆమ్లం అదొక్కటే. మిగిలిన రెండు స్థానాలలో తరచుగా ప్రోలిన్, హైడ్రాక్సీప్రోలిన్ అనేవి వస్తాయి. ఈ హైడ్రాక్సీప్రోలిన్ తయారు కావాలంటే విటమిన్ సి కావాలి. జామ, ఉసిరి, నిమ్మ వంటివి నెలల తరబడి బొత్తిగా తినని వారికి స్కర్వీ వ్యాధి వచ్చి చిగుళ్ల నుండి రక్తం కారడానికి మూలం ఇక్కడే ఉంది. తాడు పురి బలహీనపడి నాళాల గోడలే నిలవవు.

పాయాను మరిగించినప్పుడు ఈ పురి విడిపోతుంది. పేటలు విడివడతాయి. గింజలు అవే, వరుస అదే, కానీ తాడు తాడుగా ఉండదు. కొల్లాజెన్‌ను తాకి మేల్కొనే ప్లేట్‌లెట్ ఇలా పురి విడిన జెలటిన్‌ను తాకితే అలా మేల్కొనదు. ప్లేట్‌లెట్‌కు గింజల వరుసతో పాటు పురి కూడా కావాలి. శాస్త్రజ్ఞులు దీనిని చిన్న చిన్న కృత్రిమ పెప్టైడ్‌లను తయారుచేసి తేల్చారు. పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాల పొట్టి గొలుసు. గ్లైసిన్, ప్రోలిన్, హైడ్రాక్సీప్రోలిన్ అనే మూడింటినే మళ్లీ మళ్లీ పేర్చి, మూడు పేటలుగా పురి తిరిగేలా చేసి, వాటిని ఒకదానికొకటి బంధించినప్పుడు, ఆ చిన్న ముక్క అసలు కొల్లాజెన్ లాగానే ప్లేట్‌లెట్లను తీవ్రంగా ఉత్తేజపరిచింది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ ఫార్న్‌డేల్ బృందం నాళాల గోడలలో ఉండే మూడవ రకం కొల్లాజెన్ తాడు మొత్తాన్ని ఈ మూల నుండి ఆ మూల వరకు 57 పొట్టి పెప్టైడ్‌లుగా తయారుచేసింది. ఏ ముక్కను ఏది పట్టుకుంటుందో వాటి సాయంతో వెదికారు. ఒక గ్రంథంలోని ఒక పదం కోసం పుట తరువాత పుట తిరగేసే విద్యార్థి ఓపిక వంటిది వారి ఓపిక.

అలా బయటపడిన సంగతులు ఆశ్చర్యం కలిగిస్తాయి. ప్లేట్‌లెట్ కొల్లాజెన్‌ను ఒక్క చేతితో పట్టుకోదు. ధమనిలో రక్తం వేగంగా ఉరుకుతూ ఉంటుంది. ఆ వేగంలో కొట్టుకుపోతున్న ప్లేట్‌లెట్‌ను మొదట నిదానింపజేయాలి. ఆ పని చేసేది రక్తంలోనే తిరిగే పొడవాటి ప్రోటీన్. దాని పేరు ఫాన్ విలెబ్రాండ్ ఫ్యాక్టర్. సాధారణంగా అది ఉండచుట్టుకొని ఉంటుంది. ఒక కొన బయటపడిన కొల్లాజెన్‌కు తగులుకోగానే, ప్రవాహం ఒరవడికి అది సాగి విచ్చుకుంటుంది. పారుతున్న ప్లేట్‌లెట్లు తమ పైభాగంలోని ఒక కొక్కెంతో దానిని పట్టుకుంటాయి. ఆ పట్టు క్షణకాలమే. పట్టుకొని, వదిలి, మళ్లీ పట్టుకొని, దొర్లుతూ నెమ్మదిస్తాయి. కదులుతున్న బస్సు కడ్డీని పట్టుకొని నాలుగడుగులు పరుగెత్తి ఎక్కే మనిషి వంటి స్థితి అది. నెమ్మదించిన తరువాత ప్లేట్‌లెట్ మరి రెండు కొక్కేలతో నేరుగా కొల్లాజెన్‌నే పట్టుకుంటుంది. వాటిలో ఒకటి తాడు మీద ఆరు గింజల ప్రత్యేకమైన వరుసను వెదికి అక్కడ గట్టిగా బిగుసుకుంటుంది. రెండవది, ఇందాక చెప్పిన మూడు గింజల వరుసను తాకి, లోపలికి సమాచారం పంపుతుంది. ఆ సమాచారం అందిన ప్లేట్‌లెట్ తన గుండ్రని రూపం వదిలి, వేళ్ల వంటి పోగులను చాస్తుంది. తన సంచులలోని రసాయనాలను విడుదల చేస్తుంది. వాటి పిలుపు విని దారిన పోతున్న ఇతర ప్లేట్‌లెట్లు వచ్చి చేరతాయి. ఫైబ్రినోజన్ అనే ప్రోటీన్ వాటిని ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. చిన్న గాయమైతే కొద్ది నిమిషాలలో రంధ్రానికి మూత పడుతుంది. ఆ తరువాత ఈ మూతపైన ఫైబ్రిన్ అనే దారాల వల అల్లుకొని దానిని గట్టిపరుస్తుంది.

ఇప్పుడు ఉహద్ మైదానంలోని గాయం వైపు మరొకసారి చూడండి. ధారగా పోస్తున్న నీరు ఇంకా కుదురుకోని ఈ మూతను కడిగివేస్తూ ఉంటే రక్తం ఎక్కువ కావడంలో వింత లేదు. నీళ్లు పోయడం ఆపి గాయాన్ని పొడిగా అదిమి ఉంచితే మూత నిలుస్తుంది. హజ్రత్ ఫాతిమా (రజి) గమనించి చేసినది అదే. అయితే ఆ బూడిదను నేడు అనుకరించవద్దు. ఆమె ఆనాడు చేతికందిన మేలైన సాధనాన్ని వాడారు. నేడు మన చేతికందే మేలైన సాధనం శుభ్రమైన గుడ్డ. దానితో పది నిమిషాలపాటు, మధ్యలో తీసి చూడకుండా, అదిమి పట్టుకోవడమే సరైన పద్ధతి. గాయంలో పసుపు, కాఫీపొడి, సున్నం కూరడం మన ప్రాంతంలో ఇంకా ఉంది. దానివల్ల గాయంలో క్రిములు చేరడం తప్ప ప్రయోజనం లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు సాగుతాను. తొలి దైవవాణి అవతరించిన సూరహ్‌లో 'అలఖ్' అనే పదం ఉంది. అతుక్కునేది అనే అర్థమూ, గడ్డకట్టిన రక్తం అనే అర్థమూ అరబీ నిఘంటువులలో దానికి ఉన్నాయి. ప్లేట్‌లెట్లు కొల్లాజెన్‌కు అతుక్కుంటాయని చదివిన వెంటనే ఈ ఆయతును ప్రయోగశాలకు లాక్కుపోయేవారు ఉంటారు. నేను ఆ దారిలో వెళ్లను. ఆ ఆయతు మనిషి పుట్టుకను గురించి మాట్లాడుతోంది, గాయాన్ని గురించి కాదు. శాస్త్రజ్ఞుల మాట రేపు మారవచ్చు. అల్లాహ్ గ్రంథాన్ని ఆ మాటకు ముడివేయడం గ్రంథానికి గౌరవం కాదు. ఆయన సృష్టిని పరిశీలించమన్నాడు, అది చాలు.

అతుక్కోవలసినది అతుక్కోకపోతే ఏమవుతుంది? ఈ ప్రశ్న దగ్గరే అసలు విషయం మొదలవుతుంది.

ఫిన్లాండ్ దేశానికి చెందిన ఆలండ్ దీవుల నుండి ఐదేళ్ల బాలికను 1924లో హెల్సింకీ నగరానికి, ఎరిక్ ఫాన్ విలెబ్రాండ్ అనే వైద్యుని వద్దకు తీసుకువచ్చారు. చిన్న గాయానికి కూడా ఆ పాపకు ప్రాణం మీదికి వచ్చేంత రక్తస్రావమయ్యేది. తోబుట్టువులలో కొందరు అంతకు ముందే రక్తస్రావంతో చనిపోయి ఉన్నారు. అప్పటికి వైద్యలోకానికి తెలిసిన హీమోఫిలియా వ్యాధి సాధారణంగా మగవారిలోనే కనిపిస్తుంది. ఇక్కడ ఆడవారూ మగవారూ ఇద్దరూ బాధితులే. ఆ వైద్యుడు కుటుంబ వృక్షాన్ని తరతరాలుగా గీసి, ఇది వేరే వ్యాధి అని 1926లో ప్రకటించాడు. ప్లేట్‌లెట్‌ను కొల్లాజెన్‌కు తగిలించే పొడవాటి ప్రోటీన్ ఆ కుటుంబంలో లోపించిందని తరువాతి కాలంలో తేలింది. అందుకే ఆ ప్రోటీన్‌కూ, ఆ వ్యాధికీ ఆయన పేరే స్థిరపడింది. ఆ బాలిక మాత్రం బతకలేదు. యుక్తవయసు వచ్చి, బహిష్టులు మొదలైన కొద్ది నెలలకే, ఆ రక్తస్రావం ఆగక మరణించింది.

అంత తీవ్రమైన రూపం అరుదు. కానీ తేలికపాటి ఫాన్ విలెబ్రాండ్ వ్యాధి ప్రపంచంలో వంశపారంపర్యంగా వచ్చే రక్తస్రావ వ్యాధులన్నింటిలోకీ అధికంగా కనిపించేది. అది ఉన్నవారిలో చాలామందికి తమకు అది ఉన్న సంగతే తెలియదు. ముక్కు వెంట తరచూ రక్తం వస్తే మన ఇళ్లలో వేడి చేసిందంటారు. పన్ను తీయించుకున్నప్పుడు రెండు రోజులు రక్తం ఆగకపోతే వైద్యుడి చేతివాటం మంచిది కాదంటారు. కాళ్లపై నీలపు మచ్చలు కనిపిస్తే నజర్ తగిలిందనేవారూ ఉన్నారు. ఇవన్నీ ఒకే మనిషిలో, ఒకే కుటుంబంలో కనిపిస్తే మాత్రం వాటిని విడివిడిగా చూడకూడదు.

ముస్లిం కుటుంబాలలో మగబిడ్డ రక్తం తొలిసారి కారే సందర్భం చాలావరకు ఖత్నాయే. దాగి ఉన్న లోపం ఉంటే అది బయటపడే తొలి సందర్భమూ అదే. ఈ విషయం మన పూర్వీకులకు తెలియనిది కాదు. అందలూసియాలో, కుర్తుబా నగర సమీపాన, సుమారు వేయేళ్ల క్రితం జీవించిన అబుల్ ఖాసిమ్ అజ్జహ్రావీ తన 'అత్తస్రీఫ్' గ్రంథంలో ఒక ఊరి మగవారిని గురించి రాశాడు. వారికి గాయమైతే చనిపోయేదాకా రక్తం కారుతూనే ఉండేదని, ఒక బాలుని చిగుళ్లు రుద్దినప్పుడు సైతం అలాగే జరిగిందని అందులో ఉంది. హీమోఫిలియాను గురించిన తొలి వైద్య వర్ణనలలో దీనిని చరిత్రకారులు లెక్కిస్తారు. అదే గ్రంథంలో బాలురకు ఖత్నా చేసే పద్ధతిని కూడా ఆయన శస్త్రచికిత్సగా, పరికరాలతో సహా వివరించాడు. అంటే ఖత్నా కత్తెరనూ, ఆగని రక్తాన్నీ ఒకే చేతితో రాసిన మనిషి మన వారసత్వంలో ఉన్నాడు. యూదుల తల్మూద్‌లోనూ, ఖత్నా వల్ల ఇద్దరు అన్నలు చనిపోతే మూడవ బిడ్డకు చేయవద్దన్న నియమం ఉంది.

ఇక్కడ రెండు రకాల రక్తస్రావాలను వేరుచేసి చూడాలి. కొల్లాజెన్‌పై ప్లేట్‌లెట్ల మూత సరిగా పడని పిల్లవాడికి కోసిన వెంటనే మొదలైన రక్తం ఎంతకీ ఆగదు, సన్నగా ఊరుతూనే ఉంటుంది. హీమోఫిలియా ఉన్న పిల్లవాడి కథ వేరు. వాడి ప్లేట్‌లెట్లు మంచివే, మూత పడుతుంది. దానిని గట్టిపరిచే ఫైబ్రిన్ వల మాత్రం సరిగా అల్లుకోదు. అందువల్ల మొదట రక్తం ఆగినట్లే ఆగి, కొన్ని గంటల తరువాత, కొన్నిసార్లు మరునాడు, మళ్లీ మొదలవుతుంది. దావత్ ముగిసి బంధువులు వెళ్లిపోయి, ఇల్లు నిద్రపోయిన వేళ పక్కబట్ట తడిసిపోతుంది. పసిబిడ్డ దేహంలో ఉండే మొత్తం రక్తం చాలా తక్కువ. మూడు కిలోల శిశువులో అది పావు లీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. పెద్దలకు లెక్కలోకి రానంత రక్తం వాడికి ప్రాణాపాయం. కనుక ఖత్నా తరువాత మొదటి రాత్రి ఎవరో ఒకరు మేల్కొని రెండు మూడు గంటలకొకసారి గుడ్డ తీసి చూడాలి. పది నిమిషాలు అదిమినా ఆగని రక్తాన్ని ఇంట్లో ఆపే ప్రయత్నం ఇంకా కొనసాగించకూడదు. ఆసుపత్రికి తీసుకుపోవాలి.

అయితే మొదటి జాగ్రత్త ఖత్నాకు ముందే ఉంది. అది ఖర్చులేనిది. కొన్ని ప్రశ్నలు అడగాలి. అడగవలసింది బిడ్డ తల్లిని, నానీని, ఖాలాలను కూడా. తండ్రి తరఫు వారిని మాత్రమే అడిగి ఊరుకుంటే సగం సమాచారమే అందుతుంది. హీమోఫిలియా తల్లి ద్వారా కుమారునికి వస్తుంది. కనుక మామూలలో ఎవరికైనా ఖత్నా సమయంలో రక్తం ఆగలేదా, ఎవరికైనా మోకాళ్లు వాచి కుంటి వచ్చిందా, నానీ తమ్ముళ్లలో చిన్నతనంలోనే రక్తస్రావంతో పోయినవారు ఉన్నారా అని తెలుసుకోవాలి. బొడ్డుతాడు రాలినప్పుడు బిడ్డకు రక్తం ఎక్కువగా వచ్చిందా, టీకా వేసిన చోట పెద్ద గడ్డ కట్టిందా అన్నవి కూడా అడగాలి. తల్లికి పన్ను తీసినప్పుడు, ప్రసవ సమయంలో ఏం జరిగిందో అడగాలి. ఏ ఒక్కదానికి అవునన్న సమాధానం వచ్చినా ఖత్నాను ఆపి రక్త పరీక్షలు చేయించాలి.

'ప్లేట్‌లెట్ కౌంట్ బాగానే ఉంది గదా' అన్న మాట ఇక్కడ ధీమా ఇవ్వదు. కౌంట్ ఎన్ని ఉన్నాయో చెబుతుంది గానీ, అవి పట్టుకోగలవో లేదో చెప్పదు. ఫాన్ విలెబ్రాండ్ వ్యాధిలో కౌంట్ సాధారణంగా మామూలుగానే ఉంటుంది. గ్లాంజ్‌మన్ వ్యాధి అని మరొకటి ఉంది. అందులో ప్లేట్‌లెట్లు కొల్లాజెన్‌ను పట్టుకుంటాయి గానీ ఒకదానినొకటి పట్టుకోలేవు. అందులోనూ కౌంట్ చక్కగానే కనబడుతుంది. ఇందుకు భిన్నంగా బెర్నార్డ్ సూలియర్ వ్యాధిలో ప్లేట్‌లెట్‌కు ఆ తొలి కొక్కెమే ఉండదు. కౌంట్ కూడా తక్కువగానే ఉంటుంది, ప్లేట్‌లెట్లు పెద్దవిగా కనిపిస్తాయి. గడ్డకట్టే సమయాన్ని కొలిచే పరీక్షలు, ఫాన్ విలెబ్రాండ్ ఫ్యాక్టర్ పరీక్ష, ప్లేట్‌లెట్ల పనితీరు పరీక్ష వంటివి వేరుగా ఉన్నాయి. అవి అన్ని ఊళ్లలోనూ జరగవు. పెద్ద ప్రభుత్వాసుపత్రులలోని రక్తవ్యాధుల విభాగానికి వెళ్లవలసి రావచ్చు.

షరీఅత్ ఈ విషయంలో ఇరుకు పెట్టలేదు. ఖత్నా ప్రవక్తల సంప్రదాయం, ఇస్లామీయ చిహ్నం. దాని ప్రాధాన్యాన్ని ఎవరూ తగ్గించలేరు. కానీ బిడ్డ బలహీనుడై ప్రాణానికి ముప్పు ఉందనుకుంటే వాయిదా వేయాలని, ఆ భయం తొలగకపోతే ఆ బాధ్యతే ఉండదని ఫుఖహా స్పష్టంగా రాసి పెట్టారు. నిజానికి నేడు హీమోఫిలియా ఉన్న బాలునికి సైతం, లోపించిన ఫ్యాక్టర్‌ను ముందుగా ఎక్కించి, ఆసుపత్రిలో సురక్షితంగా ఖత్నా చేస్తున్నారు. ఆ ఫ్యాక్టర్ మానవ రక్తం నుండి తీసినదైతే వాడవచ్చునా అని కొందరు సంశయిస్తారు. రక్తాన్ని నిషేధించిన ఆయతులోనే గత్యంతరం లేనివానికి మినహాయింపు ఉంది. ప్రాణావసరంలో రక్తమార్పిడిని సమకాలీన ఉలమాలో అత్యధికులు అనుమతించారు. రక్తం నుండి తీయకుండా ప్రయోగశాలలో తయారైన ఫ్యాక్టర్లూ ఇప్పుడు ఉన్నాయి.

మగబిడ్డ సంగతి కనీసం ఖత్నాతో బయటపడుతుంది. ఆడబిడ్డ సంగతి బయటపడే మార్గాన్ని మనమే మూసివేస్తున్నాం. హైజ్, ఇస్తిహాజా అధ్యాయాలు బోధించే రోజుల్లో పరదా అవతలి నుండి చీటీల మీద ప్రశ్నలు వస్తాయి. పది రోజులు దాటినా ఆగడం లేదు, నమాజు ఎలా చేయాలి? నెలలో సగం రోజులు ఇలాగే ఉంటే రోజాలు ఎలా? మసలా చెబుతాం, చీటీ రాసిన సోదరి గుసుల్ చేసి నమాజు మొదలుపెడుతుంది. కానీ ఆ రక్తం ఎందుకు వస్తోందన్న ప్రశ్న ఆ చీటీలో ఉండదు, మన సమాధానంలోనూ ఉండదు.

ఇదే సమస్యతో హజ్రత్ ఫాతిమా బిన్త్ అబీ హుబైష్ (రజి) దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చారు. తనకు రక్తం ఆగడం లేదని, నమాజు మానివేయాలా అని అడిగారు. మానవద్దని, అది బహిష్టు కాదని, ఒక నరం నుండి వచ్చేదని ఆయన (స) సెలవిచ్చారు. ఈ సమాధానంలో రెండు భాగాలున్నాయి. నమాజు విషయం ఒకటి. అది నరానికి సంబంధించినదన్న విషయం మరొకటి. మొదటి భాగాన్ని మనం కంఠస్థం చేశాం, రెండవ దానిని పట్టించుకోలేదు. నరానికి సంబంధించినదైతే దానికి వైద్యం ఉంటుంది. ఆనాడు ఆ మహిళ సిగ్గుపడి ఇంట్లో కూర్చొని ఉంటే ఈ మసలా మనదాకా వచ్చేదే కాదు.

ఏడు రోజులు మించి సాగే బహిష్టు, గంట రెండు గంటలకే గుడ్డ మార్చవలసి రావడం, పెద్ద పెద్ద గడ్డలు పడటం, దానితోపాటు పాలిపోయిన ముఖం, మెట్లెక్కితే ఆయాసం ఉంటే ఆ అమ్మాయిని వైద్యురాలికి చూపించాలి. ప్రతి సందర్భంలోనూ కారణం రక్తస్రావ వ్యాధే అయి ఉండదు. గర్భసంచి సమస్యలు, హార్మోన్ల సమస్యలు కావచ్చు. కానీ యుక్తవయసు తొలినాళ్ల నుండే అలా ఉండి, ముక్కు నుండి, చిగుళ్ల నుండి కూడా రక్తం వస్తూ ఉంటే ఫాన్ విలెబ్రాండ్ పరీక్ష గురించి తప్పక అడగాలి. ట్రానెక్సామిక్ ఆమ్లం అనే సాధారణమైన మాత్రలతో చాలామందికి ఉపశమనం లభిస్తుంది. సంబంధాలు రావన్న భయంతో తల్లులు దీనిని దాస్తారు. దాచిన వ్యాధి ప్రసవ సమయంలో బయటపడుతుంది. ఆనాడు పక్కన సిద్ధంగా రక్తం ఉండదు.

సంబంధాల మాట వచ్చింది కనుక మరొక సంగతి. గ్లాంజ్‌మన్, బెర్నార్డ్ సూలియర్ వంటి వ్యాధులు తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, రెండు లోపాలూ కలిస్తేనే బిడ్డకు వస్తాయి. ఒక్క లోపం మోస్తున్నవారు సాధారణంగా ఆరోగ్యంగానే కనిపిస్తారు. ఖాలా, ఫూఫీ, మామూ, చాచా పిల్లల మధ్య పెళ్లిళ్లు జరిగే కుటుంబాలలో ఒకే దాదా నుండి వచ్చిన ఒకే లోపం ఇద్దరిలోనూ ఉండే అవకాశం ఎక్కువ. ఇటువంటి పెళ్లి ధర్మసమ్మతమే. షరీఅత్ అనుమతించిన దానిని నేను నిషేధించలేను. కానీ అనుమతి వేరు, ఆదేశం వేరు. కుటుంబంలో ఒక బిడ్డకు ఇటువంటి వ్యాధి నిర్ధారణ అయిన తరువాత కూడా అదే కుటుంబంలో ఇచ్చిపుచ్చుకోవాలని పెద్దలు పట్టుబట్టడం సరికాదు. కనీసం వైద్యుని సలహా తీసుకోవాలి. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన హిందూ సోదరుల ఇళ్లకూ ఇదే వర్తిస్తుంది.

ఇదే ప్లేట్‌లెట్ పట్టు కొందరిలో అవసరానికి మించి పనిచేస్తుంది. గుండె ధమనిలో పేరుకున్న కొవ్వు పొర పగిలినప్పుడు అక్కడ కూడా కొల్లాజెన్ బయటపడుతుంది. ప్లేట్‌లెట్‌కు అది గాయంలాగే కనిపిస్తుంది. మూత వేయడానికి పరుగెడుతుంది. ఇరుకైన ధమనిలో ఆ మూతే గుండెపోటు అవుతుంది. స్టెంట్ వేయించుకున్నవారికి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఇచ్చేది అందుకే. ఆస్పిరిన్ తాకిన ప్లేట్‌లెట్ తన జీవితకాలమంతా కొంత మొద్దుబారి ఉంటుంది. రమజాను నెలలో ఈ మాత్రలను సొంతంగా మానివేసే పెద్దలు మన మొహల్లాలలో తక్కువేమీ కాదు. రోజుకొకసారి వేసుకునే మాత్రను ఇఫ్తార్‌కో సహరీకో మార్చుకోవచ్చునేమో వైద్యుని అడగండి, మానవద్దు. అలాగే హిజామా చేయించుకునే ముందు ఈ మాత్రలు వాడుతున్న సంగతి చెప్పాలి. దానికోసం మాత్రలు ఆపుకోవడం మాత్రం తగదు. ప్రాణరక్షణకు ఇచ్చిన మందు కన్నా హిజామా ముఖ్యమైనదని ఏ ఆలిమూ చెప్పడు.

హీమోఫిలియా ఉన్న కుటుంబాలకు తెలియవలసిన మరో విషయం ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఈ వ్యాధి కూడా ఉంది. ధ్రువపత్రం కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. వ్యాధి నిర్ధారణ అయిన ప్రతి బిడ్డ దగ్గర, జేబులోనో మెడలోనో, వ్యాధి పేరు, రక్త వర్గం, చూస్తున్న ఆసుపత్రి పేరు రాసిన కార్డు ఉండాలి. మదర్సాకు, పాఠశాలకు పంపేటప్పుడు ఉస్తాదుకు ముందే చెప్పాలి. ఆ బిడ్డకు ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు ఇవ్వకూడదని, దెబ్బ తగిలితే అదిమి పట్టుకొని వెంటనే కబురు చేయాలని చెప్పాలి. మిగిలిన పిల్లలతో పాటు వాడు కూర్చొని హిఫ్జ్ చేయడానికి ఏ అడ్డూ లేదు.

ఇక ఖత్నా తలపెట్టిన ఇంటివారు దావత్ పత్రికలు అచ్చు వేయించడానికి ముందే పైన చెప్పిన ప్రశ్నలు బిడ్డ నానీని అడగండి. ఆమె గుర్తుచేసుకోవడానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు.